తార్నాక మలుపు దగ్గర ఇరవై ఏడు మెగాసైకిళ్లు

వైర్‌లెస్ మానిటరింగ్‌లో కొత్తగా చేరినవాళ్లు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగుతూ "సార్, మీ రోజుల్ల పని ఎట్లుండేది?" అని అడుగుతారు. ఏ పోస్టు నుంచి ఏ పోస్టుకు పోయానో, ఏ ఊరికి బదిలీ అయ్యానో చెబితే వాళ్లకు ఆవులింతలు వస్తాయి. నాకూ వస్తాయి. అందుకని ఒక్క వారం సంగతి చెబుతాను. ఆ వారంలో నేనొక తప్పు చేశాను. దానివల్ల ఒక మంచి మనిషికి దెబ్బ తగిలింది. నా సర్వీసంతటిలో నేర్చుకున్నదాంట్లో సగం ఆ వారంలోనే నేర్చుకున్నాను. మిగతా సగం నిదానంగా వచ్చింది.

అది క్యాంపస్‌లో ఉద్యమం మొదలవడానికి ముందటి చలికాలం. నేను భువనగిరి పక్క పల్లె నుంచి వచ్చి, యూనివర్సిటీలో ఫిజిక్స్ చదువుకుని, ఉద్యోగం వచ్చాక కూడా గది మార్చకుండా అడిక్‌మెట్‌లోనే ఉంటున్నాను. ఉద్యోగంలో చేరి రెండేళ్లు దాటింది. పెళ్లి కాలేదు. నాకు అన్నీ తెలుసు అనుకునే వయసు.

గాలిని పంచే పని

మా పని ఏమిటని అడిగితే మా అమ్మకు ఇట్లా చెప్పేవాణ్ని. "పొలానికి నీళ్లు ఎవరి వంతు ఎప్పుడో మస్కూరి చూస్తడు గద, నేను గాలిల మాటలకు వంతులు చూస్త." పోలీసులకొక ఫ్రీక్వెన్సీ, విమానాలకొకటి, రైల్వే వాళ్లకొకటి. ఒకరి దాంట్లో ఇంకొకరు పడితే ఇద్దరి మాటా వినబడదు. ఎవరికైనా నాలుగు రోజుల కోసం కావాలంటే తాత్కాలిక పర్మిట్ ఇస్తాం. పెద్ద సభలకు, జాతరలకు, వరదలొచ్చినప్పుడు ఇట్లాంటివి అడుగుతారు.

మా ఆఫీసుకు పెద్ద లతీఫ్ సాబ్. నిజాం కాలం నుంచీ రేడియో పనిలో ఉన్న మనిషి. ఎండాకాలమైనా చలికాలమైనా అదే గోధుమరంగు కోటు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుంటే, మోర్స్ కొడుతున్నది ఎవరి చెయ్యో కూడా చెప్పేవారు. ఆయనలో లోపాలు లేవని కాదు. ఎవర్నీ మెచ్చుకునేవారు కాదు. సెలవు అడిగితే కాగితం తీసుకుని సొరుగులో పెట్టి మర్చిపోయేవారు. కొత్తవాళ్లకు నేర్పే ఓపిక అసలే లేదు. ఒకటే మాట అనేవారు, "కాగితం చూడకు, విను." నేను చేరిన మొదటి రోజు కూడా అదే అన్నారు. రెండేళ్లలో నేను ఆ మాటను సలాం లెక్క తీసుకోవడం నేర్చుకున్నాను, తల ఊపి ముందుకు పోయేవాణ్ని.

కిషన్ రావు గారి మ్యాప్

ఒకరోజు మోటారు క్లబ్బు సెక్రటరీ కిషన్ రావు గారు ఆఫీసుకు వచ్చారు. పెద్ద మ్యాప్ తెచ్చి నా బల్ల మీద పరిచారు. యూనివర్సిటీ రోడ్ల మీద మోటారు రేసు పెడుతున్నారట. కాలేజీ భవనం ముందు మొదలై, గుట్ట దిగి, తార్నాక వైపు మలుపు తిరిగి, హాస్టళ్ల వెనకనుంచి మళ్లీ పైకి. బొంబాయి, మద్రాసు, బెంగుళూరు నుంచి కార్లు వస్తున్నాయి. ఊళ్లో అంత పెద్ద రేసు అదే మొదలు.

"ఎనిమిది మలుపులు. ప్రతి మలుపు దగ్గర ఒక మార్షల్ జెండాలు పట్టుకుని ఉంటడు," అన్నారాయన. "ఎక్కడన్న కారు పల్టీ కొడితే వెంటనే కంట్రోల్ టెంటుకు చెప్పాలె. మేం రెండువైపులా జెండా లేపించి వెనక వచ్చే కార్లు ఆపాలె. అందుకే బొంబాయి నుంచి వాకీటాకీలు అద్దెకు తెస్తున్నం. పోలీసోళ్లు కూడా అదే అన్నరు. మలుపు మలుపుకు మాట లేకుంటే రేసుకు పర్మిషన్ లేదన్నరు."

ఆ సెట్లు ఇరవై ఏడు మెగాసైకిళ్ల మీద పనిచేస్తాయి. ఫ్రీక్వెన్సీ మార్చడానికి వీల్లేదు. ఆ సెట్లలో గోరంత స్ఫటికం ముక్క ఉంటుంది. దాన్ని ఏ లెక్కకు కోస్తే సెట్టు అక్కడే మాట్లాడుతుంది. వేరే ముక్క కావాలంటే బయటినుంచి తెప్పించాలి, నెలలు పడుతుంది.

నేను రిజిస్టర్ తీశాను. ఇరవై ఏడు చుట్టుపక్కల మా ఊళ్లో ఎవరి పేరూ లేదు. ఒక షరా మాత్రం ఉన్నది. ఆ ఫ్రీక్వెన్సీల పట్టీ వైద్య యంత్రాలకు, ఫ్యాక్టరీ యంత్రాలకు వదిలినది, అక్కడ మాట్లాడేవాళ్లు ఆ యంత్రాల చప్పుడు భరించాల్సిందే. చదివాను. తార్నాక అంటే అప్పుడు నాలుగు బంగళాలు, చెట్లు, ఖాళీ జాగాలు. అక్కడ ఏం యంత్రాలుంటాయి అనుకున్నాను.

లతీఫ్ సాబ్ గుల్బర్గాలో చుట్టాలింట్లో పెళ్లికి పోయి ఉన్నారు. ఆఫీసు నా మీద వదిలారు. ఆదివారం పొద్దున జీపులో రిసీవర్ పెట్టుకుని క్యాంపస్ అంతా తిరిగి విన్నాను. తార్నాక రోడ్డు మీద కూడా అరగంట ఆగాను. గాలి శుభ్రంగా ఉన్నది. సోమవారం పర్మిట్ టైపు చేయించి సంతకం పెట్టాను. ఒంటరిగా నేనిచ్చిన మొదటి పర్మిట్ అది. ఆ రోజు అడిక్‌మెట్ దాకా నడుచుకుంటూ పోయాను, బస్సు ఎక్కబుద్ధి కాలేదు, అంత సంతోషం.

శనివారం పొద్దున

రేసు ఆదివారం మధ్యాహ్నం. శనివారం పొద్దున ప్రాక్టీసు. నేను కంట్రోల్ టెంటులో కిషన్ రావు గారి పక్కన కూర్చున్నాను. పది గంటలకు కార్లు మొదలైనాయి. మలుపుల నుంచి మాటలు చక్కగా వస్తున్నాయి. "మూడు ఓకే." "ఐదు ఓకే." ఆయన నా వీపు తట్టారు.

పదిన్నరకు మాటల కింద ఒక గురక లేచింది. పెద్ద తుమ్మెద టెంటులోకి దూరినట్టు. అది పెరిగింది. క్షణాల్లో మాటలన్నీ దాంట్లో మునిగిపోయాయి.

"ఏంది ఇది?" అన్నారు కిషన్ రావు గారు.

"చూస్త సార్," అంటూ నేను సెట్టు నాబులు తిప్పుతున్నాను. ఆ గురకలోంచి ఒక గొంతు మాత్రం ముక్కలు ముక్కలుగా వచ్చింది. "...ఆప... కారు అడ్డం... ఆపుండ్రి..."

ఏ మలుపో తెలియలేదు. ఎనిమిది మలుపుల్లో ఎక్కడని ఆపుతాం?

ఆ గొంతు తార్నాక మలుపు మార్షల్ ఎల్లయ్యది. యూనివర్సిటీ ఆటస్థలాలు చూసుకునే మనిషి, యాభై ఏళ్లు దాటినవాడు. సున్నం గీతలు గీయడం నుంచి గోల్ స్తంభాలు పాతడం దాకా అన్నీ ఆయనే. ఒక కారు మలుపులో గిర్రున తిరిగి రోడ్డుకు అడ్డంగా ఆగిపోయింది. డ్రైవరు స్టీరింగ్ వెనక ఇరుక్కున్నాడు. ఎల్లయ్య సెట్టు బటన్ నొక్కి అరిచాడు. జవాబు రాలేదు. మళ్లీ అరిచాడు. గుట్ట మీద ఇంకో కారు చప్పుడు వినబడింది. సెట్టు కింద పడేసి, పసుపు జెండా పట్టుకుని, వచ్చే కారుకు ఎదురుగా గుట్ట ఎక్కుతూ ఉరికాడు.

ఆ కారు డ్రైవరు జెండా చూసి పక్కకు తిప్పాడు. అడ్డంగా ఉన్న కారుకు తగలలేదు. వెనక భాగం మాత్రం జారి ఎల్లయ్య మోకాలికి తగిలింది.

కబురు అంది నేను పోయేసరికి ఆయన గడ్డి మీద కూర్చుని ఉన్నాడు. ప్యాంటు చిరిగి మోకాలు ఉబ్బింది. "ఆ పిలగాన్ని ముందు బయటికి తియ్యుండ్రి," అంటున్నాడు కారు వైపు చెయ్యి చూపిస్తూ. నేను సెట్టు తీసుకుని చెవికి పెట్టుకున్నాను. గురక ఆగలేదు.

ప్రాక్టీసు ఆపేశారు.

ముందు అనుమానించి, తర్వాత విన్నాను

ఇక్కడ రెండో తప్పు చేశాను. క్యాంపస్‌లో రేడియో అంటే గుర్తొచ్చేది ఫిజిక్స్ లాబ్. ఆకాశంలోకి సిగ్నళ్లు పంపి పై పొరల సంగతి తెలుసుకునే పని అక్కడ జరుగుతుండేది. నేరుగా లోపలికి పోయి, నాకు పాఠం చెప్పిన లెక్చరర్ గారి ముందు నిలబడి, "సార్, మీ ట్రాన్స్‌మిటర్ బంద్ చేయండి, మనిషి కాలు విరగ్గొట్టింది," అన్నాను.

ఆయన నన్ను చూశారు. పక్క గదిలోకి తీసుకుపోయారు. ట్రాన్స్‌మిటర్ మూడు ముక్కలుగా విప్పి బల్ల మీద పడి ఉన్నది. దాని మీద దుమ్ము.

"పది రోజులైంది విప్పి," అన్నారు. "అడిగితే చెప్పేటోణ్ని గద సత్యనారాయణా."

తలవంచుకుని బయటికొచ్చాను. మెట్ల మీద కూర్చుని అప్పుడు విన్నాను, నిజంగా విన్నాను, చేతిలో వాచీ పెట్టుకుని. గురక ఇరవై నిమిషాలు ఉన్నది. ఆగింది. ఏడెనిమిది నిమిషాలకు మళ్లీ మొదలైంది. మళ్లీ ఇరవై. ఫ్యాక్టరీ అట్లా పనిచేయదు. రేడియో స్టేషన్ అట్లా పనిచేయదు. ఎవరో ఒకరి తర్వాత ఒకర్ని లోపలికి పిలుస్తున్నట్టుంది.

జీపు మీద లూప్ ఏరియల్ బిగించాం. చట్రం లాంటిది. దాన్ని తిప్పుతుంటే చప్పుడు ఎటువైపు నుంచి వస్తున్నదో తెలుస్తుంది. క్యాంపస్ గేటు నుంచి ఒక గీత, సీతాఫల్‌మండి స్టేషన్ రోడ్డు నుంచి ఒక గీత మ్యాప్ మీద గీశాను. రెండూ తార్నాకలో ఒక చిన్న వీధి మీద కలిశాయి. మా ఎల్లయ్య మలుపు నుంచి చూస్తే రెండుసార్లు రాయి విసిరినంత దూరం. జీపు దిగి, చేతి రిసీవర్‌తో నడిచాను. ఒక బంగళా ముందు చెప్పులు వరసగా ఉన్నాయి. గోడకు చిన్న బోర్డు: నొప్పులకు విద్యుత్ చికిత్స.

డాక్టర్ ఎస్తేరమ్మ గారి మిషను

లోపల బెంచీ మీద నలుగురు కూర్చున్నారు. పరదా వెనక ఒకాయన చొక్కా విప్పి కూర్చుని ఉన్నాడు, భుజానికి రెండు వైపులా రబ్బరు పలకలు కట్టి. పక్కన చిన్న అల్మారీ అంత మిషను. నా చేతిలో రిసీవర్ చెవులు చిల్లులు పడేట్టు గురక పెట్టింది.

డాక్టర్ ఎస్తేరమ్మ గారు మెదక్ దిక్కు ఆమె. నలభై ఏళ్లుంటాయి. "రేడియో బంద్ చేసి మాట్లాడుండ్రి," అన్నారు ముందు. తర్వాత, "ఎవరు మీరు?"

నేను చెప్పాను. ఆఫీసు పేరు చెప్పగానే ఆమె ముఖం గట్టిపడింది.

"ఈ మిషను వచ్చి మూడు నెలలైంది. దీనికి లైసెన్సు కావాల్నా? ఎవరూ చెప్పలే నాకు."

"అక్కర్లేదమ్మా. మీ తప్పేం లేదు."

"మరి ఎవరిది తప్పు?"

"నాదే డాక్టరమ్మా. ఈ ఫ్రీక్వెన్సీ మీలాంటి మిషన్లకు వదిలింది. అక్కడ రేసోళ్లకు మాట్లాడనిచ్చింది నేను."

మలుపు దగ్గర ఏం జరిగిందో చెప్పాను. ఆమె వెంటనే మిషను ఆపారు. "అయ్యో, ఆ పెద్దమనిషికి ఎట్లున్నది?" అని అడిగారు. మోకాలి గురించి నాలుగు ప్రశ్నలు వేశారు. అప్పుడు నాకు ఆశ పుట్టింది.

"రేపు ఆదివారం గద అమ్మా, బంద్ ఉంటది గద?"

"పొద్దున చర్చికి పోత. రెండు గంటలకు తీస్త. రైల్వే వర్క్‌షాపోళ్లకు ఆదివారమే తీరిక. వాళ్ల కోసమే తీసేది."

నేను పోయిన ఆదివారం విన్నది పొద్దున. ఆమె చర్చిలో ఉన్న టైములో. రేసు మధ్యాహ్నం రెండున్నరకు.

ఆమె నా ముఖం చూసి, "ఒక్క రోజు ఆపమంటరా? ఆపుత. కానీ వచ్చినోళ్లకు గేటు కాడ నిలబడి మీరే చెప్పుండ్రి," అన్నారు.

పలకలు కట్టుకున్నాయన తల ఇటు తిప్పాడు. వర్క్‌షాపులో సుత్తి పని చేస్తాడట. "సార్, ఇయ్యాల పర్మిషన్ పెట్టి వచ్చిన. రేపు కూడా నా నంబరు ఉన్నది. వరుసగా చేస్తేనే ఈ చెయ్యి లేస్తదని అమ్మ చెప్పింది," అన్నాడు. కోపంగా కాదు. ఉన్నమాట చెప్పినట్టు.

అక్కడి నుంచే లతీఫ్ సాబ్‌కు ఫోన్ చేశాను. ఆయన ముందు రోజే ఊరినుంచి వచ్చారు. అంతా విన్నారు.

"సాబ్, డాక్టరమ్మ రేపు ఒక్క రోజు ఆపుతనంటున్నరు," అన్నాను.

"ఆమె ఒక్కతే అని నీకు ఎవరు చెప్పిండ్రు? ఇంకో గల్లీల ఇంకో మిషను ఉంటే? అది డాక్టర్ల జాగ. నువ్వు కిరాయికి దిగినోనివి. ఇంటోళ్లను బయటికి పొమ్మంటవా?"

"మరి ఏం చెయ్యమంటరు సాబ్?"

"పర్మిట్ మీద దస్తఖత్ ఎవరిది?"

"నాది సాబ్."

"అయితే నన్నెందుకు అడుగుతున్నవ్?" ఫోన్ పెట్టేశారు.

అప్పుడు ఆయన మీద నాకు మండిపోయింది. ఇప్పుడు మండదు. కానీ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఇంకొంచెం మెత్తగా చెప్పొచ్చు ఆయన. మీ కింద పనిచేసేవాళ్లు తప్పు ఒప్పుకుని ఫోన్ చేసినప్పుడు, ఒక్క మంచి మాట చెప్పి పెట్టేయండి.

బెంచీ మీద తర్వాతి మనిషి లేచి నిలబడ్డాడు. "మిషను నడిపించుకోండి డాక్టరమ్మా. రేపు కూడా," అని చెప్పి బయటికొచ్చాను.

పర్మిట్ వాపసు

కంట్రోల్ టెంటులో కిషన్ రావు గారు లేచి నిలబడే విన్నారు.

"సత్యనారాయణ గారూ, రేపు రెండున్నరకు రేసు. జనం వస్తున్నరు. మద్రాసు నుంచి కార్లు లారీల మీద ఎక్కించుకుని వచ్చిండ్రు. మీరిప్పుడు పర్మిట్ తీసుకుంటరా?"

"తీసుకుంటున్న సార్. తప్పు నాది. కాగితం మీద అదే రాస్త."

"మీరు రాసే కాగితం నాకేం చేస్తది?" అని టోపీ తీసి బల్ల మీద కొట్టారు. ఆయన కోపం న్యాయమైనదే. మాట లేకుంటే పోలీసులు రేసు ఆపుతారు. ఆయన ఏడాది కష్టం నా ఒక్క సంతకంతో పోయేట్టుంది.

నాకు అక్కడ ఉండబుద్ధి కాలేదు. హెల్త్ సెంటర్‌కు పోయాను. ఎల్లయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎముక విరగలేదు, కానీ మోకాలికి పెద్ద కట్టు. ఆయన భార్య డబ్బా మూతలో అన్నం కలుపుతున్నది.

"ఎల్లన్నా, ఆ సెట్టు పలకకపోవడం నా తప్పు," అన్నాను. అంతా చెప్పాను, ఆదివారం పొద్దున విన్నది, రిజిస్టర్‌లో షరా చదివి పట్టించుకోనిది.

ఆయన భార్య చెయ్యి ఆగింది. ఆమె నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తున్నది. తిట్టినా బాగుండు అనిపించింది.

ఎల్లయ్య కట్టు మీద చెయ్యి పెట్టుకున్నాడు. "తెలిసి చేసినవా సార్?"

"లేదన్నా."

"మరి రేపు ఎట్ల? రేసు బంద్ చేస్తరా?"

"వేరే సెట్లు లేవు. ఏం తోస్తలేదు."

"గాలిల మాట్లాడుడు ఎందుకు సార్? గీడ మా గ్రౌండ్ల పరేడ్ చేసే సిగ్నల్ క్యాడెట్లు వైరు గుంజి ఫోన్లు మాట్లాడుకుంటరు గద. పిడి తిప్పితే గాడ గంట మోగుతది. వాళ్ల స్టోరు తాళం చెవి ఎవరి దగ్గరుంటదో నాకెరుక."

రెండేళ్లు వైర్‌లెస్‌లో పనిచేసి, వైరు అనేది ఒకటి ఉన్నదని నాకు తోచలేదు.

చెట్ల మీద వైరు

క్యాంపస్‌లో విద్యార్థులకు సైనిక సిగ్నలింగ్ నేర్పే యూనిట్ ఒకటి ఉండేది. దాని హవల్దార్ ఇంట్లో నిద్రపోతుంటే లేపాను. విషయం విని బూట్లు తొడుక్కుంటూనే బయటికొచ్చాడు. స్టోరులో తోలు సంచుల్లో పెట్టిన ఫీల్డ్ ఫోన్లు పదకొండున్నాయి. తొమ్మిది పలికాయి. పది లైన్ల చిన్న బోర్డు ఒకటి ఉన్నది. వైరు చుట్టలు కావలసినన్ని ఉన్నాయి.

హాస్టళ్ల నుంచి క్యాడెట్లు వచ్చారు. రోడ్డు మీద వేస్తే కార్లు తెంపుతాయని వైరు చెట్ల మీదనుంచి లాగారు. కిషన్ రావు గారు కూడా కోపం పక్కన పెట్టి, చొక్కా చేతులు మడిచి, వైరు చుట్ట మోశారు. నా వైపు మాత్రం చూడలేదు.

పొద్దు వాలుతుండగా గోధుమరంగు కోటు ఒకటి సైకిల్ మీద వచ్చింది. లతీఫ్ సాబ్ దిగి, చెట్ల మీద వైరు చూసి, ఒక ఫోను పిడి తిప్పి విన్నారు. "మలుపులు సరే. అంబులెన్సుకు ఏం కడతవ్, వైరా?" అన్నారు.

అది నిజమే. తిరిగే బండికి రేడియో కావాలి. ఆయన అప్పటికే పోలీసు వైర్‌లెస్ పెద్దతో మాట్లాడి వచ్చారు. వాళ్ల ఫ్రీక్వెన్సీలలో తక్కువ వాడేది ఒకటి ఆ ఒక్క మధ్యాహ్నానికి ఇస్తామన్నారు. అంబులెన్సులో ఒక కానిస్టేబుల్ సెట్టుతో, టెంటులో ఇంకొకరు.

"పర్మిట్ రాయ్," అన్నారు నాతో. "నేను రాయను. నువ్వే రాయ్."

కారు బానెట్ మీద కాగితం పెట్టి రాశాను. ఏ సెట్లు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, ఎక్కడిదాకా, ఎవరు అడిగితే ఆ ఫ్రీక్వెన్సీ వదిలేయాలి. సంతకం పెట్టబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "విన్నవా?"

సంతకం పెట్టలేదు. మర్నాడు మధ్యాహ్నం రెండు గంటల నుంచి, అన్ని మలుపుల దగ్గరా, అంబులెన్సు ఆగే చోటా, తార్నాక వీధిలో ఆ బంగళా గోడ పక్కన కూడా నిలబడి విన్నాను. అప్పుడు పెట్టాను.

ఆదివారం

ఎల్లయ్యను ఇంట్లో ఉండమని డాక్టర్లు చెప్పారు. ఒంటిగంటకే కుర్చీ వేయించుకుని తార్నాక మలుపు దగ్గర కూర్చున్నాడు. కాలు ఒక పెట్టె మీద చాపి, ఒళ్లో ఫోను. జెండా పట్టుకోవడానికి ఇంకో మనిషిని పక్కన నిలబెట్టుకున్నాడు. "ఈ మలుపు నాకెరుకైనట్టు ఎవనికీ ఎరుకలే," అన్నాడు నేను బతిమాలితే.

జనం గోడలెక్కారు, చెట్లెక్కారు. మా వైరు కట్టిన చెట్లు ఎక్కకుండా క్యాడెట్లు కాపలా కాశారు. మోటారుసైకిళ్ల రేసు బాగా జరిగింది. చిన్న కార్ల రేసులో ఆరో చుట్టులో బెంగుళూరు కారు ఒకటి తార్నాక మలుపులో చక్రం ఊడి పల్టీ కొట్టింది.

టెంటులో బోర్డు మీద ఏడో రేకు పడింది, ఏడో మలుపు నుంచి పిలుపు. హవల్దార్ ఫోను ఎత్తాడు. ఎల్లయ్య గొంతు స్పష్టంగా వచ్చింది. "ఏడో మలుపు. కారు బోర్లపడ్డది. మనిషి లోపల ఉన్నడు. కార్లు ఆపుండ్రి."

కిషన్ రావు గారు "ఐదు, ఆరు, ఎర్రజెండా!" అన్నారు. రెండు పిడులు తిరిగాయి. గుట్ట మీద కార్లు వరసగా నెమ్మదించి ఆగాయి. పక్కన కానిస్టేబుల్ అంబులెన్సును పిలిచాడు. నేను టెంటు బయట నిలబడి చూస్తుండగానే తెల్ల బండి చెట్ల మధ్య నుంచి పోయింది. డ్రైవరుకు భుజం ఎముక విరిగింది, అంతే. నెలలోపల మళ్లీ కారు నడిపాడని తర్వాత విన్నాను.

అప్పుడు నాకొక బుద్ధి పుట్టింది. మా రిసీవర్‌ను ఇరవై ఏడు మీదికి తిప్పాను. గురక నిండుగా, గట్టిగా ఉన్నది. డాక్టరమ్మ గారి ముందు ఎవరో వర్క్‌షాపు మనిషి కూర్చుని ఉన్నాడు. ముందు రోజు నేను ఆపమని చెప్పి, ఆ పాత సెట్లే ఉంచి ఉంటే, డాక్టరమ్మ మిషను ఆపేవారు, సరే. కానీ ఆ సాయంత్రం ఇంకో సంగతి తెలిసింది. వినడానికి అడిక్‌మెట్ వైపు పోతే అటునుంచి కూడా సన్నగా ఇంకో గురక ఉన్నది. రెండో మిషను. లతీఫ్ సాబ్ ఫోన్‌లో అన్నది నిజమే. ఎవరిదో నేను వెతకలేదు. వాళ్ల జాగాలో వాళ్లున్నారు.

సాయంత్రం కప్పులిచ్చే చోట కిషన్ రావు గారు ఎల్లయ్యను కుర్చీతో సహా మోయించుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. తర్వాత నా దగ్గరకొచ్చి చెయ్యి చాపారు. "నిన్న మిమ్మల్ని చూస్తే కొట్టాలనిపించింది," అన్నారు. "నాక్కూడా అనిపించింది సార్," అన్నాను. ఇద్దరం నవ్వాం.

కొత్తవాళ్లకు నాలుగు మాటలు

విన్న టైము కూడా చోటంత ముఖ్యం. ఏ రోజు, ఏ గంటకు వాడతారో ఆ రోజే, ఆ గంటకే వినండి. వీలుకాకపోతే విన్నానని రాయకండి. ఫిర్యాదు వచ్చినప్పుడు ఎవరి ఇంటికైనా పోతే, అధికారం ముఖం మీద పెట్టుకుని పోకండి. సగం సార్లు వాళ్ల హక్కే మీ కంటే పెద్దది. ఇక మీ సంతకం వల్ల ఒకరికి దెబ్బ తగిలితే, ఆ మనిషి దగ్గరికి మీరే పోయి చెప్పండి. ఎల్లయ్య దగ్గరికి పోకపోయి ఉంటే నాకు వైరు గుర్తొచ్చేది కాదు. దానికోసం పోలేదు నేను, కానీ అట్లా జరిగింది.

ఎల్లయ్య మోకాలు నెమ్మదిగా నయమైంది. కొంచెం కుంటు మాత్రం మిగిలింది. దాన్ని నేను మర్చిపోలేదు, మర్చిపోయేటట్టు ఆయనా చేయలేదు. నేను ఎప్పుడు గ్రౌండ్‌కు పోయినా "వైర్‌లెస్ సార్ వచ్చిండు, వైరు జాగ్రత్త," అని నవ్వేవాడు.

సోమవారం పొద్దున రిపోర్టు రాసి లతీఫ్ సాబ్ బల్ల మీద పెట్టాను. మూడు పేజీలు. ఆయన కలం తీసుకుని మొదటి పేజీలోనే ఆగారు.

"ఇది ఏంది?" అని ఒక చోట వేలు పెట్టారు. నేను రాసిన మాట, "అనివార్య కారణాల వల్ల."

"సాబ్, రిపోర్టుల్లో అట్లనే రాస్తరు గద."

"కారణానికి పేరు లేదా?" అని ఆ మాట కొట్టేసి కాగితం నా వైపు తోశారు. నేను ఆ చోట నా పేరు రాశాను. ఉద్యోగం పోతుందేమో, కనీసం రాతపనికి మారుస్తారేమో అనుకున్నాను. ఊర్లో అమ్మకు ఏం చెప్పాలా అని కూడా ఆలోచించుకున్నాను.

ఆయన చివరిదాకా చదివారు. ఎర్ర సిరాతో అడుగున ఒక ముక్క రాసి, కాగితాలు మడవకుండానే నా చేతికిచ్చి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. బయటికొచ్చి వరండాలో నిలబడి చదివాను.

"చూశాను. ఇకమీదట తాత్కాలిక పర్మిట్లన్నీ ఇతనే ఇస్తాడు."